లేతుకు కూలెంట్: పంపు కన్నా ముందు తిరిగొచ్చే దారి చూసుకోండి

ప్రశ్న: నమస్కారమండి. మాది విజయవాడ గుణదల. బస్సు గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. పాత నాలుగున్నర అడుగుల లేతు (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) ఒకటి కొని ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకున్నాను. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు. గన్‌మెటల్ బుష్షులు, షాఫ్టులు, తెలిసినవాళ్ల చిన్న చిన్న పనులు చేస్తుంటాను. 40 ఎంఎం మైల్డ్ స్టీల్ షాఫ్టు 450 ఆర్‌పీఎం (నిమిషానికి 450 చుట్లు) మీద తిప్పుతుంటే హెచ్‌ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూలు పది నిమిషాలకే మొన పోతోంది. పార్టింగ్ (షాఫ్టును ముక్కగా తెంపడం) చేస్తే టూలు పట్టేసి విరిగింది. టూలును చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, దానికి పంపు, ట్యాంకు కలిపి అడిగితే నేను పెట్టలేనంత చెప్పారు. ఎయిర్ కూలర్ పంపుతో రెండు వేలలో చేసుకోవచ్చా? కంప్రెసర్‌తో తుంపర కొట్టే పద్ధతి ఇంకా మంచిదని ఒకాయన అన్నారు. ఇంకో మాట. పోయిన ఏడాది బకెట్లో కూలెంట్ కలిపి మగ్గుతో పోస్తూ పనిచేశాను. నెల తిరక్కుండా కంపు కొట్టి ఇంట్లో గొడవైంది. దానికేం చేయాలి?

సమాధానం: నమస్కారమండి. చేసుకోవచ్చు. మీరు అనుకున్న డబ్బుకు కాస్త అటూ ఇటూగా అయిపోతుంది. కానీ మీ ఉత్తరంలో పంపు మాట కన్నా 450 ఆర్‌పీఎం అన్న మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. ముందు దాని సంగతి చూద్దాం. దానికి పైసా ఖర్చు లేదు.

40 ఎంఎం షాఫ్టు చుట్టుకొలత సుమారు 126 ఎంఎం. అది నిమిషానికి 450 సార్లు తిరిగితే టూలు మొన ముందు నుంచి 56 మీటర్ల పైన ఉక్కు పోతున్నట్టు. మైల్డ్ స్టీలుకి హెచ్‌ఎస్ఎస్ టూలుతో 25 నుంచి 30 మీటర్లు ఉండాలి. ఆ లెక్కన మీ షాఫ్టు 200 నుంచి 240 ఆర్‌పీఎం మధ్య తిరగాలి. మీరు దాదాపు రెట్టింపు వేగంలో తిప్పుతున్నారు. హెచ్‌ఎస్ఎస్ సుమారు 600 డిగ్రీల దాకా గట్టిదనం నిలుపుకుంటుంది. అది దాటితే మెత్తబడి మొన జారిపోతుంది. చిప్, అంటే తెగి వచ్చే లోహపు చుట్ట, టూలు మీద బలంగా ఒత్తుకుని జారే ఆ కొద్ది చోటే అసలు వేడి పుడుతుంది. అక్కడికి పైనుంచి పోసే నీళ్లు చేరవు. చుట్టుపక్కల చల్లబరిచి వేడిని లాగేయడమే కూలెంట్ చేయగలిగింది. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు వందేళ్ల కిందటే ఏళ్ల తరబడి లోహం కోసి చూసి, మొన మీద నీళ్ల ధార బాగా పోస్తే కోత వేగాన్ని దాదాపు 40 శాతం పెంచుకోవచ్చని తేల్చాడు. మీ 25 మీటర్లకు 40 శాతం కలిపితే 35 అవుతుంది. 56 అవ్వదు. కాబట్టి ఈ రోజే బెల్టు కింది మెట్టుకు మార్చి, టూలు పదును పెట్టి, పొడిగానే ఒక షాఫ్టు తీసి చూడండి. మీ బాధలో సగం అక్కడే తీరుతుందని నా నమ్మకం.

పార్టింగ్‌కి ఇంకా తగ్గించాలి. మామూలు టర్నింగ్ వేగంలో సగం చాలు. టూలు సెంటరుకు సరిగ్గా ఉందా, హోల్డరు బయటికి అవసరానికి మించి చాచుకుని ఉందా, టూలును మోసే క్యారేజ్ కదలకుండా బిగించారా అన్నవి కూడా చూసుకోండి. ఇవి సరిచేసుకున్నాక కూలెంట్ విలువ తెలుస్తుంది. పార్టింగ్‌లో చిప్ ఇరుకు గాడిలోంచి బయటికి జారాలి కదా, అక్కడ చల్లదనం ఎంత ముఖ్యమో జారుడూ అంతే ముఖ్యం.

రెండో సంగతి. మీరు చేసే పనుల్లో కొన్నింటికి కూలెంట్ అక్కర్లేదు. గన్‌మెటల్, ఇత్తడి పొడిగానే చక్కగా తెగుతాయి. కాస్ట్ ఐరన్, మనవాళ్లు బీడు అంటారే, దాని మీద అసలు పోయకండి. బీడులో ఉన్న గ్రాఫైటే దానికి జారుడు. దాని రజను మెత్తటి పొడిలా రాలుతుంది. ఆ పొడికి కూలెంట్ తగిలితే ముద్దయి, లేతు బెడ్ మీద క్యారేజ్ జారే స్లైడ్‌వేల మధ్య చేరి, గ్రైండింగ్ పేస్టులా లేతును అరగదీస్తుంది. కార్బైడ్ టిప్ (టూలు మొనకు ఉండే గట్టి ముక్క) వాడితే, కోత మొదలవక ముందు నుంచి చివరిదాకా ఆగకుండా ధార పడాలి. అలా కుదరకపోతే పూర్తిగా పొడిగా చేయండి. ఎర్రగా కాలిన కార్బైడ్ మీద గుర్తొచ్చినప్పుడల్లా మగ్గుతో పోస్తే మొనలో సన్నటి పగుళ్లు వచ్చి ముక్కలు రాలుతాయి.

అంటే మీకు కూలెంట్ నిజంగా కావాల్సింది ఉక్కు టర్నింగ్, డ్రిల్లింగ్, పార్టింగ్‌లకి. అదీ రోజుకు ఒక గంటో రెండు గంటలో. అందుకని ముందు పంపు లేని పద్ధతి చెబుతాను. నా మాట విని దీన్ని ఒక నెల వాడి చూడండి.

మందుల షాపులో కొత్త సెలైన్ సెట్టు ఒకటి కొనండి. ఆసుపత్రిలో వాడి పారేసింది ఎవరైనా ఇచ్చినా తీసుకోవద్దు. లీటరు నీళ్ల సీసా అడుగు కోసి, తలకిందులుగా పట్టుకుని, మూతకు రంధ్రం చేసి సెట్టు సూదిమొనను బిగుతుగా దింపండి. సీసాను లేతు మీద రెండు అడుగుల ఎత్తున వేలాడదీయండి. గొట్టం రెండో కొసకు జానెడు సన్నటి రాగి గొట్టం తొడగండి. ఫ్రిజ్ మెకానిక్ దగ్గర తుక్కులో దొరుకుతుంది, వంచిన చోట వంగి ఉంటుంది. డయల్ గేజికి వాడే మాగ్నెట్ స్టాండు మీ దగ్గర ఉంటే ఆ రాగి గొట్టాన్ని దానికి కట్టి, మొన మీదికి సరిచేసుకోండి. సెట్టు మీద ఉండే చిన్న చక్రమే మీ వాల్వు. మామూలు సెట్టులో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, ప్యాకెట్టు మీద రాసే ఉంటుంది. నిమిషానికి 60 చుక్కలు వదిలితే 3 మిల్లీలీటర్లు. లీటరు సీసా అయిదున్నర గంటలు వస్తుంది. పార్టింగ్ చేసేటప్పుడు చక్రం ఇంకాస్త తిప్పితే సన్నటి ధారే పడుతుంది. ఇందులో పోసే కూలెంట్ కొంచెం చిక్కగా, ఒక వంతు సొల్యుబుల్ ఆయిల్‌కి (నీళ్లలో కలిసే కటింగ్ నూనె) పది వంతుల నీళ్లు కలుపుకుని, గుడ్డలో వడకట్టి పోయండి. లేకపోతే సెట్టులో జాలీ మూసుకుపోతుంది.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది, ఏదీ తిరిగి రాదు. కొంత ఆవిరవుతుంది, మిగిలింది ట్రేలో పడితే సాయంత్రం గుడ్డతో తుడిచేయడమే. ట్యాంకు లేదు, కరెంటు లేదు, కంపు లేదు. ఇంటి షెడ్డుల్లో సగానికి సగం పనికి ఇంతకన్నా అక్కర్లేదు.

అయినా పెద్ద షాఫ్టులు వరసగా వస్తాయి, లోతుగా డ్రిల్లింగ్ ఉంటుంది, ధారే కావాలి అంటారా? అప్పుడు కూలర్ పంపు పెట్టుకోండి. కానీ పంపు ఈ పనిలో అన్నిటికన్నా తేలికైన భాగం. పోసిన కూలెంట్ రజనును, లేతు నుంచి కారే నూనెను వెంటబెట్టుకుని తిరిగి వస్తుంది. అది వచ్చే దారి సరిగ్గా కట్టకపోతే ఏ పంపూ నిలవదు. కూలర్ పంపు లోపల తిరిగే భాగం ఒక అయస్కాంతం. ఉక్కు రజను దగ్గరికొస్తే అది లాగి పట్టుకుంటుంది. నేను మొదటిసారి పెట్టుకున్నప్పుడు పంపును నేరుగా ట్రే కింద బకెట్లో వేశాను. మూడో రోజుకు పట్టేసింది. విప్పి చూస్తే రోటరు చుట్టూ ముళ్లపందిలా రజను నిలబడి ఉంది. ఆ తరువాత రెండు బకెట్లు పెట్టాను. అప్పటి నుంచి అదే పంపు ఏళ్లు నడిచింది.

రెండు బకెట్లు ఎలాగో చెబుతాను. లేతు ట్రేకి ఒక మూల రంధ్రం చేసి సింకు జాలీ బిగించండి, దాని మీద దోమల మెష్ ముక్క పరవండి. చుట్టలు చుట్టలుగా వచ్చే చిప్స్ అక్కడే ఆగిపోతాయి. ట్రేను ఆ మూలకు కొద్దిగా వాలేలా సర్దండి. లేతును మాత్రం వాల్చకండి, అది మట్టంగానే ఉండాలి. జాలీ కింద పది లీటర్ల బకెట్ ఒకటి, ఇటుకల మీద కాస్త ఎత్తులో. దాని పక్కన నేల మీద ఇరవై లీటర్ల పెయింటు బకెట్. మొదటి బకెట్‌కి ముప్పావు ఎత్తున ఒక అంగుళం ట్యాంక్ నిపుల్ బిగించి, లోపలి వైపు పీవీసీ ఎల్బో కిందికి తిరిగేలా పెట్టి, నాలుగు అంగుళాల గొట్టం ముక్క తొడగండి. బయటి వైపు గొట్టం రెండో బకెట్‌లోకి. ఈ తిరగేసిన ఎల్బోలోనే మొత్తం కిటుకు ఉంది. రజను బరువుకు అడుగున పడుతుంది. లేతు నుంచి కారిన నూనె పైన తేలుతుంది. గొట్టం మూతి ఆ రెంటికీ మధ్యన ఉంది కాబట్టి మధ్యలోని తేటే రెండో బకెట్‌కి పోతుంది. ఎల్బో నెత్తిన చిన్న రంధ్రం వేయండి, లేకపోతే సైఫన్ పట్టి మొదటి బకెట్ గొట్టం మూతి దాకా ఖాళీ అవుతుంది. పాత స్పీకరు అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి మొదటి బకెట్ అడుగున పడేయండి. వారానికోసారి పైకి తీసి కవరు ఊడదీస్తే రజను మొత్తం దానంతటదే రాలిపోతుంది.

మీ ట్రే బాగా కిందికి ఉండి ఇంత ఎత్తు కుదరకపోతే రెండోదిగా పెయింటు బకెట్ బదులు వెడల్పాటి పొట్టి టబ్బు పెట్టుకోండి. మొదటి బకెట్ గొట్టం రెండోదాని అంచు కన్నా పైన ఉండాలి, అంతే.

మొత్తం పదిహేను లీటర్ల కూలెంట్ సరిపోతుందా అని అనుమానం రావచ్చు. మీ మోటారు ఒక హెచ్‌పీ, అంటే 746 వాట్లు. అది పది నిమిషాలు ఆపకుండా పూర్తి లోడు మీద నడిచి, ఆ శక్తంతా వేడిగా మారి, ఆ వేడంతా కూలెంట్‌లోకే వచ్చిందనుకున్నా పదిహేను లీటర్లు ఏడు డిగ్రీలు వేడెక్కుతాయి. నిజానికి అంత రాదు. ఎక్కువ వేడి చిప్స్‌తో పోతుంది, మీరు మధ్య మధ్యలో ఆపి కొలతలు చూస్తారు. చాలు.

ఇక పంపు. 18 వాట్ల మామూలు కూలర్ పంపు తీసుకోండి. పెట్టె మీద గంటకు వెయ్యి లీటర్లని రాసుంటుంది, అది ఎత్తు లేనప్పటి లెక్క. మూడు నాలుగు అడుగుల పైకి ఎత్తి సన్నటి గొట్టంలో పంపితే బాగా తగ్గిపోతుంది. తగ్గినా మనకు ఇబ్బంది లేదు. నిమిషానికి రెండు మూడు లీటర్లు వస్తే ఎక్కువే. లీటరు చెంబు పట్టి చూడండి, ఇరవై ముప్పై సెకన్లలో నిండితే సరి. ధార తగ్గించుకోవడానికి నాజిల్ దగ్గర చిన్న బాల్ వాల్వు పెట్టుకోండి. ఈ రకం పంపుకు బయటికి పోయే వైపు మూసినా కాసేపు ఏమీ కాదు, లోపలికి వచ్చే వైపు మాత్రం ఎప్పుడూ అడ్డు పెట్టకూడదు. పంపును రెండో బకెట్ అడుగున నేరుగా పెట్టకుండా ఒక టైలు ముక్క మీద నిలబెట్టండి. అది చుట్టూ ఉన్న నీళ్లతోనే చల్లబడుతుంది కాబట్టి మట్టం తగ్గి పొడిగా తిరగనివ్వకండి. నీళ్లు కలపని చిక్కటి కటింగ్ ఆయిల్‌ని ఈ పంపుతో తోడొద్దు, దాని వల్ల కాదు.

కరెంటు గురించి మాత్రం కొంచెం గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. ఎండాకాలంలో మన ఊళ్లలో కూలరు ముట్టుకుని షాక్‌తో చనిపోయినవాళ్ల వార్తలు ప్రతి ఏడూ చదువుతూనే ఉంటాం. మీరు కట్టబోయేది అదే పంపు. దాని పక్కన తడి నేల, ఇనుప లేతు, రెండు చేతులూ దాని మీదే. నేను పనిచేసిన ఒక షెడ్డులో ఓ కుర్రాడు స్విచ్చి ఆపకుండా బకెట్లోంచి పంపు పైకి తీయబోయి విసిరికొట్టినట్టు వెనక్కి పడ్డాడు. బతికాడు. ఆ రోజు నుంచి 30 మిల్లీ ఆంప్‌ల ఆర్‌సీసీబీ లేకుండా కూలెంట్ పంపు పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పలేదు. ఎర్త్ లీకేజీ అంత రాగానే అది కరెంటు కోసేస్తుంది. దాని ధర పంపు ధరకు కొన్ని రెట్లు ఉంటుంది. మీ రెండు వేల లెక్కలో దాన్ని కలపకండి, అది మీ ఇంటి ఖర్చు అనుకోండి. షెడ్డుకు సరైన ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. పంపు వైరు ప్లగ్గు దాకా నేరుగా రాకుండా, సాకెట్ కన్నా కిందికి ఒకసారి వేలాడి పైకి వచ్చేలా కట్టండి. వైరు వెంట జారిన చుక్క ఆ వంపులోనే రాలిపోతుంది.

షెడ్డులో ఎర్తింగ్ పెట్టించే వీలు లేదంటే 230 వోల్టుల పంపు వద్దు. గుంటూరు మిర్చి రైతులు భుజాన వేసుకునే బ్యాటరీ స్ప్రేయరు చూసే ఉంటారు. దానిలో ఉండే 12 వోల్టుల పంపు విడిగా దొరుకుతుంది. నిమిషానికి మూడు లీటర్ల చుట్టుపక్కల ఇస్తుంది, బైకు బ్యాటరీతో నడుస్తుంది, షాక్ భయం ఉండదు. కొత్త పంపే కొనండి. పురుగుమందు కొట్టిన పాత స్ప్రేయరు విప్పి తెచ్చింది ఎంత కడిగినా మీ చేతులకు, ముఖానికి తగిలే చోట వద్దు. ఈ పంపుకు లోపల చిన్న రబ్బరు వాల్వులుంటాయి కాబట్టి పీల్చే కొసకు జాలీ తప్పనిసరి. ప్రెజర్ స్విచ్చి ఉన్న రకం తీసుకుంటేనే నాజిల్ వాల్వు మూసినప్పుడు తనంతట తాను ఆగుతుంది.

కంప్రెసర్ తుంపర సంగతి. దయచేసి వద్దు. పెద్ద ఫ్యాక్టరీల్లో మెషీనుకు తలుపులుంటాయి, పొగ లాగే ఫ్యాన్లుంటాయి. మీ రేకుల షెడ్డులో ఆ తుంపర గాల్లోనే తేలుతుంది, మీరు పీలుస్తారు. అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే సంస్థ ఎన్ఐఓఎస్‌హెచ్, ఇలాంటి ద్రవాల తుంపర ఊపిరితిత్తుల్లోకి దిగే సైజులో ఘనపు మీటరు గాలికి 0.4 మిల్లీగ్రాము దాటకూడదని సిఫారసు చేసింది. చిటికెతో పట్టుకోవడానికి కూడా దొరకనంత తక్కువ. అందులోనూ పాడైన కూలెంట్ అయితే దాంట్లో పెరిగిన సూక్ష్మజీవులు కూడా తుంపరతోపాటు లోపలికి పోతాయి. దానివల్ల కొందరికి ఆయాసం, దగ్గు, జ్వరంతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు మొదలవుతుంది. ఇన్నాళ్లు డీజిలు పొగలో పనిచేసి వచ్చారు, ఇక మీ ఊపిరితిత్తులకు విశ్రాంతి ఇవ్వండి. చుక్కలో, ధారో, రెంటిలో ఏదైనా పర్వాలేదు.

కిరోసిన్ కూడా ఎవరో ఒకరు చెబుతారు. దానితో అల్యూమినియం బాగా తెగుతుంది, నిజమే. కానీ సుమారు 40 డిగ్రీల వేడికే, ఒక్క నిప్పురవ్వ తగిలినా దాని ఆవిరి అంటుకుంటుంది. మే నెలలో మన రేకుల షెడ్డు ఎంత కాలుతుందో మీకు తెలుసు.

ఇప్పుడు కంపు. కూలెంట్ కంపు కొట్టడానికి మూడు కారణాలు చూశాను, మీ బకెట్లో బహుశా మూడూ ఉండి ఉంటాయి. మొదటిది నీళ్లు. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే సొల్యుబుల్ ఆయిల్ సరిగ్గా కలవదు. సబ్బు నురగ రాని నీళ్లంటే కూలెంట్‌కీ పనికిరావు. చిన్న పరీక్ష చేయండి. గాజు సీసాలో ఇరవై చెంచాల మీ నీళ్లు పోసి ఒక చెంచా ఆయిల్ కలిపి ఒక రాత్రి వదిలేయండి. పొద్దునకి పాలలా ఒకే రంగులో ఉంటే మంచిదే. పైన మీగడలా, తరకలు తరకలుగా తేలితే ఆ నీళ్లు వద్దు. మున్సిపాలిటీ కృష్ణా నీళ్లు చాలాచోట్ల సరిపోతాయి. ఇంట్లో ఏసీ ఉంటే దాని గొట్టంలోంచి కారే నీళ్లు పట్టుకోండి, మన ఉక్కపోతకు రోజుకు బకెట్ దాకా వస్తాయి, ఉప్పు లేని నీళ్లు. మరీ మెత్తటి నీళ్లు కాబట్టి నురగ ఎక్కువ వస్తే కొంచెం కుళాయి నీళ్లు కలిపితే తగ్గుతుంది.

కలిపేటప్పుడు నీళ్లలో ఆయిల్ పోయాలి, ఆయిల్‌లో నీళ్లు పోయకూడదు. తిరగేస్తే గడ్డలు కట్టి ఎంత కలిపినా సరిగ్గా రాదు. సర్వోకట్ ఎస్ లాంటి మామూలు సొల్యుబుల్ ఆయిల్ అయితే ఒకటికి ఇరవై, అంటే పదిహేను లీటర్ల నీళ్లకు 750 మిల్లీలీటర్లు. మరీ పలచన చేస్తే బెడ్ తుప్పు పడుతుంది, సూక్ష్మజీవులూ తొందరగా పెరుగుతాయి. ఎండాకాలంలో ఆవిరయ్యేది నీళ్లే, ఆయిల్ ఉండిపోతుంది. అందుకని తగ్గినప్పుడు మళ్లీ ఒకటికి ఇరవై పోస్తే చిక్కబడిపోతుంది. ఒకటికి నలభైతో నింపుకోండి. కచ్చితంగా తెలియాలంటే బ్రిక్స్ మీటరు ఉంది. ఉయ్యూరు వైపు చెరకు రైతులు రసంలో తీపి చూసుకునే దుర్భిణీ లాంటిదే. రెండు చుక్కలు వేసి వెలుతురుకు పెట్టి చూస్తే అంకె కనిపిస్తుంది. ఆయిల్ డబ్బా మీద ఫ్యాక్టర్ ఇచ్చి ఉంటే ఆ అంకెతో గుణించుకోవాలి.

రెండో కారణం పైన తేలే నూనె. అది కూలెంట్‌కి మూతలా పడుతుంది. కిందికి గాలి అందదు. గాలి లేని చోట పెరిగే సూక్ష్మజీవులు కుళ్లిన కోడిగుడ్డు వాసన పుట్టిస్తాయి. మీరు రెండు రోజులు పని ఆపి మళ్లీ పంపు వేసినప్పుడే ఆ కంపు ఎక్కువగా వచ్చి ఉంటుంది, చూడండి. మొదటి బకెట్లో పైన చేరిన నూనెను వారానికోసారి పాత నూలుగుడ్డ పరిచి తీసేయండి. పని లేని రోజుల్లో చేపల తొట్టిలో పెట్టే చిన్న గాలి పంపు రాత్రంతా రెండో బకెట్లో బుడగలు వదిలేలా పెట్టండి. దాని వైరు కూడా అదే ఆర్‌సీసీబీ మీదనే ఉండాలి. ఈ ఒక్క పనితో నెలకు పోయే కూలెంట్ నాకు నాలుగైదు నెలలు వచ్చింది.

మూడోది, పాత బకెట్టు. కంపు పట్టిన బకెట్టును నీళ్లతో తొలిచి కొత్త కూలెంట్ పోస్తే వారంలో మళ్లీ కంపే. అంచులకు పట్టిన జిగట వేడినీళ్లు, డిటర్జెంటుతో బ్రష్ పెట్టి తోమి, బాగా కడిగి, ఒక రోజు ఎండలో పెట్టాలి. గొట్టాలు కూడా. వాసన పోవాలని బ్లీచింగ్ పౌడరు మాత్రం వేయొద్దు. అందులో కాల్షియం కూలెంట్‌ను విరగ్గొడుతుంది, క్లోరిన్ బెడ్‌ను తుప్పు పట్టిస్తుంది.

పని అయిపోయాక ఒక పది నిమిషాలు లేతుకు కేటాయించండి. కూలెంట్ క్యారేజ్ కిందా, టెయిల్‌స్టాక్ కిందా, చక్ వెనకా దాక్కుంటుంది. టెయిల్‌స్టాక్ జరిపి, తుడిచి, స్లైడ్‌వేల మీద నూనె రాయండి. వానాకాలంలో ఒక్క రాత్రి మర్చిపోతే పొద్దునకి గోధుమరంగు మరకలు కనిపిస్తాయి. తుడవడం, చక్ పూర్తిగా ఆగాకే. తిరిగే చక్ దగ్గర గుడ్డ, చేతి గ్లౌజు వద్దని మీకు చెప్పక్కర్లేదు, అయినా చెబుతున్నాను. కూలెంట్‌లో చేతులు తడిసి దురద వస్తే పనయ్యాక సబ్బుతో కడిగి కొబ్బరినూనె రాసుకోండి. తగ్గకపోతే చర్మ డాక్టరుకు చూపించండి. ధార చక్ మీద పడి మీ మీదికి చిమ్మకుండా లేతు వెనక పాత ఫ్లెక్సీ గుడ్డ, ముందు పారదర్శకమైన అక్రిలిక్ ముక్క కట్టుకుంటే గోడా చొక్కా రెండూ బాగుంటాయి.

ఇక పాడైపోయిన కూలెంట్. గుణదల అన్నారు కదా, ఏలూరు కాలవ, రైవస్ కాలవ మీకు దగ్గరే. అందులోగానీ వీధి మురికి కాలవలోగానీ పోయకండి. ఆ నీళ్లు కిందికి పోయి పొలాలకు పారతాయి. వెడల్పాటి పాత ట్రేలో పోసి, పిల్లలకూ కుక్కలకూ అందకుండా మేడ మీద ఎండలో పెట్టండి. మన ఎండకు వారం పది రోజుల్లో నీళ్లన్నీ పోయి అడుగున కొంచెం నల్లటి నూనె మిగులుతుంది. దాన్ని డబ్బాలో పోసి ఉంచి, ఆటోనగర్‌లో పాత ఇంజిన్ ఆయిల్ లైసెన్సుతో కొనేవాళ్లకు ఇచ్చేయండి. రజను ఆరాక తుక్కు ఇనుముతో పాటే వేయొచ్చు.

ముందుగా బెల్టు, తరువాత సెలైన్ సెట్టు. ఒక నెల గడిచాక కూడా ధార కావాలనిపిస్తే, రెండు బకెట్లు కట్టుకుని, మొదటి రోజు ఉత్తి నీళ్లు పోసి లేతు ఆపి ఉంచే గంటసేపు పంపు నడపండి. ఎక్కడ కారుతుందో, ఎక్కడ ఆగుతుందో ఆ గంటలోనే తెలిసిపోతుంది. కారేవి సరిచేసి, ఆ నీళ్లు పారబోసి, లేతును తుడిచి నూనె రాశాకే ఆయిల్ డబ్బా మూత తీయండి.